2020 జీహెచ్ఎంసీ (గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్) ఎలక్షన్‌లో వార్డు కార్పొరేటర్ సీటుకి ఇండిపెండెంట్‌గా నిలబడ్డాను, నామినేషన్ నుంచి లెక్కలు అప్పజెప్పేదాకా ఏం జరిగిందంటే

ముందే చెప్తున్నా, నేను గెలవలేదు. డిపాజిట్ కూడా పోయింది. వార్డు పేరు, నాకొచ్చిన గుర్తు చెప్పను, చెప్తే నేనెవరో మా కాలనీ వాళ్లకి వెంటనే తెలిసిపోద్ది. నాలాగా పార్టీ లేకుండా, కాలనీ అసోసియేషన్ పనులు చూసుకుంటూ ఒకసారి నిలబడి చూద్దామా అనుకునే వాళ్లకి ఇదంతా ఎలా ఉంటుందో ఎవరూ చెప్పరు, నాకూ ఎవరూ చెప్పలేదు, అందుకే రాస్తున్నా.

ఎందుకు నిలబడ్డావమ్మా అని ఇప్పటికీ అడుగుతుంటారు. ఆ ఎలక్షన్‌లో హైదరాబాద్ మేయర్ సీటు జనరల్ మహిళకి రిజర్వ్ చేశారు, మా వార్డు కూడా మహిళకే వచ్చింది. మా పిన్ని కూకట్‌పల్లి దగ్గర కుష్ఠు రోగుల శివానంద ఆశ్రమంలో నర్సుగా చేసేది, ఆ ఆశ్రమం పెట్టిన రాణీ కుముదినీ దేవి గారి గురించి ఆమె చెప్తుంటే వింటూ పెరిగాం. వనపర్తి సంస్థానం కోడలు, 1962లో హైదరాబాద్‌కి మొదటి మహిళా మేయర్. కుష్ఠు అంటే మనుషులు ఆమడ దూరం పోయే రోజుల్లో వాళ్ల కోసం పని చేసిన మనిషి మేయర్ కుర్చీలో కూర్చుందంటే నా మనసులో మేయర్ అంటే అలాగే ఉండాలని పడిపోయింది. నేను మేయర్ అవుతానని కాదు, అంత అమాయకురాలిని కాదు. కనీసం ఆ హాల్లో కూర్చుని మా గల్లీ నాలా (వాన నీళ్లు పోయే కాలువ) గురించి గట్టిగా అడిగే ఒక మనిషి ఉండాలి కదా అని.

2020 అక్టోబర్ 13 రాత్రి వానలకి మా కింది బస్తీ మొత్తం మునిగింది. నేను మా వాడు కలిసి అన్నం పొట్లాలు పంచుతుంటే అందరూ టీచరమ్మా మీరే నిలబడండి అన్నారు. అలా మొదలైంది. (అలా అన్నవాళ్లలో సగం మంది తర్వాత వేరే జెండా పట్టుకుని తిరిగారు, అది వేరే విషయం.)

ఎలక్షన్ ఫిబ్రవరి దగ్గర్లో ఉంటుందేమో అనుకుంటున్నాం, ఎందుకంటే పాత కౌన్సిల్ గడువు 2021 ఫిబ్రవరి దాకా ఉంది. దీపావళి నవంబర్ 14న అయింది, పిండివంటల డబ్బాలు ఇంకా ఖాళీ కాలేదు, 17న పొద్దున్నే టీవీలో షెడ్యూల్. 18 నుంచి 20 దాకా నామినేషన్లు, 21 స్క్రూటినీ (నామినేషన్ల పరిశీలన), 22 విత్‌డ్రా, డిసెంబర్ 1 పోలింగ్, 4 కౌంటింగ్. రెండు వారాల్లో మొత్తం అయిపోతుంది. పార్టీల దగ్గర మనుషులు, ప్రింటర్లు, ఆటోలు అన్నీ రెడీగా ఉంటాయి, మనకి మాత్రం చేతిలో ఫోన్ తప్ప ఏమీ ఉండదు. మా ఆయన చెవిలో వేస్తే "చేసేది చెయ్, గోల్డ్ లోన్ మాత్రం పెట్టకు" అన్నాడు, అదే పర్మిషన్ అనుకున్నా.

నామినేషన్ ఫారం చూస్తే చిన్నదే, దాని వెనక తిరుగుడే పెద్దది. మనం సిటీలో ఏ వార్డులో ఓటరైనా పర్లేదు కానీ మనల్ని ప్రతిపాదించే మనిషి మాత్రం నిలబడే వార్డులోనే ఓటరై ఉండాలి. ఎదురింటి బాబాయ్ గారిని అడిగాను, ఆయన సంతోషంగా సంతకం పెడతానన్నారు, తీరా 13న వచ్చిన ఫైనల్ ఓటర్ లిస్టు తీసి చూస్తే మా రోడ్డు మధ్యలోంచి వార్డు సరిహద్దు పోతోంది, మేము ఇటు, ఆయన అటు! ఇరవై ఏళ్లుగా ఒకే వాటర్ ట్యాంకర్ కోసం కొట్లాడుకున్న మనుషులం వేరే వేరే వార్డులు. ఇంకొకరిని పట్టుకుని, లిస్టులో వాళ్ల పార్ట్ నంబరు, సీరియల్ నంబరు చూసుకుని రాయించాను. అందుకే ఫారం ముట్టుకునే ముందే లిస్టు డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీసి పెట్టుకోండి.

తర్వాత అఫిడవిట్. కేసులు, చదువు, ఆస్తులు, అప్పులు. కేసుల కాలం మనకేం లేదు కదా అని ఖాళీగా వదిలేయకూడదు, లేదు అని రాయాలి, ఖాళీ గడి కనిపిస్తే ఆఫీసర్ వెనక్కిస్తాడు. ముగ్గురు పిల్లలున్న వాళ్లకి జీహెచ్ఎంసీలో పోటీకి అర్హత లేదన్న రూలు అప్పటికి ఉంది కాబట్టి దాని డిక్లరేషన్ కూడా. ఇంటి పన్ను బాకీ లేకుండా కట్టేసి రసీదు జిరాక్స్ జత చేశాను. ఇక బంగారం. ఎన్ని తులాలుందో రాయాలి, అబద్ధం రాయలేం కదా, బీరువా తీసి అన్నీ లెక్కేసి రాశాను. ఆ అఫిడవిట్ ఆఫీసు నోటీస్ బోర్డుకి అంటిస్తారని అప్పటిదాకా నాకు తెలీదు. రెండో రోజు పాలు పోసే అబ్బాయి కూడా "టీచరమ్మా మీకు ఇరవై రెండు తులాలు ఉందంట కదా" అన్నాడు. మా తోడికోడలు ఫోన్ చేసి మరీ అడిగింది, అత్తగారి గొలుసు అందులో కలిపావా లేదా అని. ఓడిపోయిన బాధ కంటే ఈ ఆరా ఎక్కువ రోజులు నడిచింది మా ఇంట్లో.

20 శుక్రవారం వెళ్లాను, ఆఖరి రోజు. పదకొండు నుంచి మూడు దాకా తీసుకుంటారు. బయట డప్పులు, పూలదండలు, కరోనా అనేదొకటి ఉందన్న సంగతే ఎవరికీ గుర్తు లేనట్టు జనం. మూడు లోపల గేటు లోపలికి వచ్చిన వాళ్లందరికీ టోకెన్లు ఇచ్చి కూర్చోబెట్టారు, నా వంతు వచ్చేసరికి చీకటి పడింది. డిపాజిట్ 5,000, ఎస్సీ ఎస్టీ బీసీలకి 2,500. నగదు కట్టి రసీదు తీసుకున్నా. ఆ రసీదు మీద నా పేరు చూసుకున్నప్పుడు ఒక్కసారి కడుపులో ఏదో తిప్పినట్టైంది, ఇక వెనక్కి పోయేది లేదని.

21న స్క్రూటినీలో నాది ఓకే అయింది. ఆ సాయంత్రం నుంచే ఫోన్లు. ఒక పార్టీ లోకల్ లీడరు, పేరెందుకులే, "అక్కా మీరు మంచోళ్లు, మీకెందుకు ఈ రొచ్చు, మా ఓట్లే చీలుతాయి, విత్‌డ్రా చేసుకోండి, ఖర్చులు మేం చూసుకుంటాం" అన్నాడు. గంట తర్వాత ఇంకో పార్టీ ఆయన ఫోన్ చేసి "అస్సలు తగ్గొద్దు మేడం, గట్టిగా నిలబడండి" అన్నాడు. అప్పుడర్థమైంది నా వల్ల ఎవరికి నష్టం, ఎవరికి లాభం అన్న లెక్క నాకంటే ముందే వాళ్లు వేసేశారని.

22 ఆదివారం మధ్యాహ్నం మూడింటికి విత్‌డ్రా టైం అయ్యాక గుర్తులు ఇచ్చారు. పార్టీ వాళ్లకి గుర్తు ఎప్పటినుంచో జనం నోట్లో ఉంటుంది, మనకి ఆ సాయంత్రం దాకా గుర్తే తెలీదు, గుర్తు లేకుండా కరపత్రం కొట్టించలేం. ప్రచారం 29 సాయంత్రం ఆరింటికి బంద్. అంటే గుర్తు చేతికొచ్చాక వారం మాత్రమే. ఆ రాత్రే ప్రెస్‌కి పరిగెత్తాం, అక్కడ పార్టీల ఆర్డర్లు గుట్టలుగా ఉన్నాయి, మన ఇరవై వేల కరపత్రాలు ఎవడికి కావాలి, బతిమాలితే 24 రాత్రికి ఇచ్చాడు. కరపత్రం కింద ప్రెస్ పేరు, ఎన్ని కాపీలు అన్నది కచ్చితంగా ఉండాలి, లేకపోతే అదొక కేసు. బ్యాలెట్‌లో ముందు పార్టీల వాళ్లు, చివర్లో ఇండిపెండెంట్లు, వాళ్లలో మళ్లీ తెలుగు అక్షర క్రమం, నాది కింద నుంచి మూడోది. "కింది నుంచి మూడోది" అని చెప్పి చెప్పి గొంతు పోయింది.

ఇంటింటికీ తిరగడం గురించి ఎంత రాసినా తక్కువే. కింది బస్తీలో ఒకావిడ నన్ను లోపలికి పిలిచి గోడ చూపించింది, నా భుజం ఎత్తులో మట్టి గీత, దాని కింద సున్నం పొక్కులు లేచి రాలుతోంది, బియ్యం డ్రమ్ము ఇంకా ఎండలో బోర్లించే ఉంది. వరద సాయం పదివేలు మీకు వచ్చిందా అన్నాను. రాలేదట. మీసేవ ముందు పొద్దున్నుంచి లైన్లో నిలబడిందట, ఎలక్షన్ కోడ్ వల్ల 18న ఆపేశారు కదా, సరిగ్గా ఆమె వంతు దగ్గరికొచ్చాక షట్టర్ వేశారట. నా కరపత్రం తీసుకుని "నువ్వు గెలిస్తే పదివేలు ఇప్పిస్తవా అమ్మా" అంది. ఏం చెప్పాలి? అది సర్కారు ఇచ్చేది, కార్పొరేటర్ చేతిలో ఉండదు అని చెప్పాను. మొహం అటు తిప్పుకుంది. నాతో వచ్చిన పిల్లలు బయటికొచ్చాక "ఆంటీ, ఇప్పిస్తా అంటే పోయేది కదా" అన్నారు.

నేను గెలిస్తే ఏం చేయగలను అని రాత్రిళ్లు కూర్చుని జీహెచ్ఎంసీ చట్టం చదివాను, 1955 నాటిది. చదివే కొద్దీ నీరసం వచ్చింది నిజంగా. మేయర్ కౌన్సిల్ మీటింగ్‌కి అధ్యక్షత వహిస్తుంది, స్టాండింగ్ కమిటీ ఉంటుంది, కానీ పనులు చేయించే అధికారం కమిషనర్ది, ఆయన ఐఏఎస్, ప్రభుత్వం పంపే మనిషి. మంచినీళ్లు, డ్రైనేజీ మెయిన్ లైన్లు వాటర్ బోర్డుకి, బస్సులు ఆర్టీసీకి, మెట్రో ఇంకొకరికి. 74వ రాజ్యాంగ సవరణ పన్నెండో షెడ్యూల్‌లో మున్సిపాలిటీలకి 18 పనులు రాసుకున్నారు, వాటిలో నీళ్లే పక్క బోర్డులో ఉన్నాయి. కుముదినీ దేవి గారి లాంటి మనిషి మళ్లీ పుట్టి మేయరైనా నాలా మీద స్లాబు వేయించాలంటే నాలుగు ఆఫీసులకి తిరగాల్సిందే. ఇది తెలిశాక వాగ్దానాలు తగ్గించేశాను. వార్డు మీటింగ్ ప్రతి నెలా పెడతా, కార్పొరేటర్ ఫండ్ దేనికి ఖర్చైందో బోర్డు రాయిస్తా, నాలా పూడిక వాన ముందే తీయిస్తానని వెంటపడతా. ఇంతే చెప్పాను. జనానికి ఎక్కలేదు, ఎందుకెక్కుతుంది, పక్క వీధిలో మైకులో ఫ్రీగా అది ఇస్తాం ఇది ఇస్తాం అని మోగుతుంటే.

ఒక రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్ గారు మాత్రం అరుగు మీద కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి అడిగారు, "మేయర్‌కి నేను ఓటేసేది ఎక్కడమ్మా, రెండో కాగితం ఇస్తరా" అని. 2002లో మేయర్‌ని డైరెక్ట్‌గా ఎన్నుకున్నారు, తీగల కృష్ణారెడ్డి గారు గెలిచింది అప్పుడే, ఆయనకి అదే గుర్తుంది. ఇప్పుడలా లేదు, కార్పొరేటర్లు, వాళ్లతో పాటు ఎక్స్‌అఫీషియోలుగా (పదవి రీత్యా సభ్యులుగా) ఎమ్మెల్యేలు, ఎంపీలు, ఎమ్మెల్సీలు కలిసి ఎన్నుకుంటారు అని చెప్తే చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మరి పోస్టర్ల మీద మేయర్ పీఠం మాదే అని రాస్తున్నరు, మాకెందుకు చెప్పుడు" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ వారాంతం సిటీ అంతా దద్దరిల్లింది, 28న ఎల్బీ స్టేడియంలో కేసీఆర్ గారి సభ, అదే రోజు యోగి ఆదిత్యనాథ్ రోడ్ షో, 29న అమిత్ షా. నాలా పూడిక గురించి మాట్లాడే నా ఆటో మైకు ఎవడికి వినపడుతుంది. ఆటో వాడికి రోజుకి 2,200, మైకు పర్మిషన్ కాగితం అద్దానికి అంటించుకోవాలి. 29 రాత్రి, 30 రాత్రి ఏం జరిగిందో మీకందరికీ తెలుసు, ఇంటికింత అని లెక్క. ఎవరని చెప్పను, అడగొద్దు.

డిసెంబర్ 1 పోలింగ్, పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఆరు. ఈసారి ఈవీఎంలు కాదు, బ్యాలెట్ పేపర్లు, డబ్బాలు. సిటీలో 9,101 పోలింగ్ కేంద్రాలు, అప్పటి 150 వార్డులకి పంచితే వార్డుకి అరవై దాకా పడతాయి, ప్రతి బూత్‌లో ఒక ఏజెంటు కావాలి. నాకు దొరికింది పాతిక మంది లోపే, అందులో ముగ్గురు మా వాడి ఇంజనీరింగ్ ఫ్రెండ్స్, ఇద్దరు మా పాత స్టూడెంట్లు. వాళ్లకి పొద్దున టిఫిన్, మధ్యాహ్నం భోజనం, మాస్కులు, శానిటైజర్ మనమే చూసుకోవాలి, ఎవరూ చెప్పని ఖర్చు ఇది. మధ్యాహ్నం ఒంటిగంటకి ఒక బూత్‌కి వెళ్తే సిబ్బంది తప్ప మనిషి లేడు. అపార్టుమెంట్ల గేట్ల దగ్గర వాచ్‌మన్లు ఓటేసి వచ్చి వేలు చూపిస్తున్నారు, ఓనర్లు బాల్కనీలో. నాకు ఏడుపు కంటే కోపం ఎక్కువ వచ్చింది. ఆఖరికి సిటీ మొత్తం మీద 46.55 శాతం. ఓల్డ్ మలక్‌పేటలో అయితే బ్యాలెట్ మీద సీపీఐ గుర్తు బదులు సీపీఎం గుర్తు పడిందని పోలింగ్ ఆపేసి 3న మళ్లీ పెట్టారు. గుర్తు కోసం వారం కిందా మీదా పడ్డ నాకు ఆ అభ్యర్థి పరిస్థితి తలుచుకుంటేనే గుండె జారిపోయింది.

4న కౌంటింగ్. పాస్ ఉంటేనే లోపలికి, ఫోన్ బయటే. బ్యాలెట్ లెక్కింపు నేనెప్పుడూ చూడలేదు, అందుకే వివరంగా చెప్తున్నా. ముందు పోస్టల్ ఓట్లు. తర్వాత డబ్బాలు తెరిచి కాగితాలన్నీ 25 చొప్పున కట్టలు కడతారు, ఎవరికి పడ్డాయో అప్పుడు చూడరు, కేవలం ఎన్ని ఉన్నాయో. తర్వాత అన్ని బూతుల కట్టలు కలిపేసి టేబుల్‌కి వెయ్యి చొప్పున ఇస్తారు, హాల్లో 14 టేబుళ్లు. కలిపేస్తారు కాబట్టి ఏ గల్లీ మనకి వేసింది ఏ గల్లీ వేయలేదు అన్నది తెలీదు. నాకైతే అది మంచిదే అనిపించింది, రేపట్నుంచి అదే గల్లీల్లో తిరగాలి కదా. ఒక్కో అభ్యర్థికి ఒక్కో గడి ఉన్న అర పెట్టి అందులో వేస్తుంటారు, నా అరలో కాగితం పడ్డప్పుడల్లా తెలీకుండానే చెయ్యి కుర్చీ మీద బిగుసుకుంది.

చెల్లని ఓట్ల దగ్గరే పెద్ద గొడవ. స్వస్తిక్ ముద్ర వేయాల్సింది పోయి కొన్నిచోట్ల సిబ్బంది పోలింగ్ కేంద్రం ముద్ర ఓటర్ల చేతికిచ్చారట, అవి కూడా లెక్కలోకి తీసుకోవచ్చని ముందు రాత్రి ఎన్నికల కమిషన్ సర్క్యులర్ ఇస్తే 4 పొద్దున హైకోర్టు ఆపింది. ఆ చర్చతో మా హాల్లో కూడా ఏజెంట్లు ప్రతి కాగితం మీదా పడి చూశారు. నేరేడ్‌మెట్ రిజల్ట్ అయితే ఈ గొడవతోనే ఆగి కొన్ని రోజుల తర్వాత వచ్చింది.

నాకొచ్చినవి ఏడొందల చిల్లర. నోటా కంటే ఎక్కువ, అదొక్కటే మా వాడు స్టేటస్ పెట్టుకున్నాడు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే డిపాజిట్ పోతుంది, మా వార్డులో అది మూడు వేల పైమాటే, కాబట్టి నా 5,000 ఖజానాకే. బయటికొచ్చేసరికి టపాకాయలు, గులాల్. ఇంటికొచ్చి స్నానం చేసి పడుకున్నా, రెండు రోజులు తలుపు తీయలేదు. మూడో రోజు ఆ కండక్టర్ గారు వచ్చి తలుపు కొట్టి "మా ఇంట్ల నాలుగు ఓట్లు నీకే పడ్డయి బిడ్డా" అని చెప్పి పోయారు. అప్పుడు ఏడ్చాను.

ఇక్కడితో అయిపోయిందనుకునే వాళ్లే ఎక్కువ, అయిపోదు. రిజల్ట్ వచ్చిన 45 రోజుల్లోపు ఖర్చు లెక్కలు ఇవ్వాలి, గెలిచినా ఓడినా. ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి అనర్హులు. అప్పుడు పరిమితి 5 లక్షలు, నాది అందులో పావు వంతు కూడా కాలేదు: డిపాజిట్ 5,000, కరపత్రాలు 14,000, ఆటో మైకు 13,000 పైన, ఏజెంట్ల భోజనాలు 9,000, ఫ్లెక్సీలు, నోటరీ, జిరాక్సులు, పెట్రోలు, పిల్లలకి చాయ్ బిస్కెట్లు అన్నీ కలిపి 80 వేలు దాటింది, లక్ష లోపే. బిల్లు లేని ఖర్చే సమస్య, చాయ్ కొట్టు వాడు బిల్లెక్కడిస్తాడు, వోచరు రాసి సంతకం పెట్టించుకున్నాను. సంక్రాంతి ముగ్గులయ్యాక కూర్చుని లెక్క తేల్చి జనవరి 18 గడువుకి ముందే అప్పజెప్పాను. ఇచ్చినట్టు రిసీట్ మీద స్టాంపు వేయించుకోండి, మర్చిపోవద్దు, వేసేదాకా అక్కడే కూర్చోండి.

ఇక మేయర్ ఎన్నిక 2021 ఫిబ్రవరి 11న, గురువారం. ఎలక్షన్ అయ్యాక రెండు నెలల పైన, పాత కౌన్సిల్ గడువు అయ్యేదాకా కొత్త వాళ్లు గెలిచీ ఖాళీగానే ఉన్నారు. టీఆర్ఎస్ 56, బీజేపీ 48, మజ్లిస్ (ఎంఐఎం) 44, కాంగ్రెస్ 2, ఎవరికీ సొంతంగా మెజారిటీ లేదు. పొద్దున ప్రమాణాలు, మధ్యాహ్నం చేతులెత్తి ఓటింగ్. మజ్లిస్ మద్దతుతో గద్వాల్ విజయలక్ష్మి గారు మేయర్, మోతె శ్రీలత గారు డిప్యూటీ. టీవీ ముందు కూర్చుని చూశాను, ఇంత పెద్ద సిటీకి మేయర్ ఎన్నిక అన్నం వండుకునేంత టైంలో అయిపోయింది. 46 శాతం మంది లైన్లో నిలబడి వేసిన ఓటుకి, ఈ ఎత్తిన చేతులకి మధ్య ఎన్ని మెట్లున్నాయో అప్పుడు కళ్ల ముందు కనపడింది. ఆమె ఎలా చేస్తారో చూద్దాం అనుకున్నా, ఆడమనిషి ఆ కుర్చీలో కూర్చున్నందుకు మాత్రం మనస్ఫూర్తిగా సంతోషించాను.

మళ్లీ నిలబడతావా అంటే, 2020 సవరణ ప్రకారం రిజర్వేషన్లు రెండు టర్ములు అవే ఉంటాయి కాబట్టి మా వార్డు మళ్లీ మహిళకే వస్తుందని అప్పట్లో అనుకున్నాం. మా ఆయన బంగారం ఈసారి నీ అఫిడవిట్‌లో కాదు నా పేరు మీద రాసుకుందాం అన్నాడు. ఆ ఏడాదే మా కొత్త కార్పొరేటర్ గారిని కలిసి నాలా పూడిక అర్జీ ఇచ్చాను, ఏప్రిల్‌లోపు తీయిస్తాం అన్నారు, మే మొదటి వారం దాకా చూసి తీయకపోతే కింది బస్తీ ఆడవాళ్లందరం కలిసి సర్కిల్ ఆఫీసుకి వెళ్దాం అనుకున్నాం, పదివేలు అడిగిన ఆమె కూడా వస్తానంది.